ఊ కొట్టినవాళ్లదీ కథే

రాయలసీమ కథ అనగానే అందరికీ కరువే గుర్తొస్తుంది. అందులో తప్పులేదు. 1876–78 నాటి ధాత కరువు మాట నా చిన్నతనంలో కూడా మా ముసలివాళ్ల నోట వినబడేది. కానీ ఆ కరువు ఊళ్లలోనే రాత్రయితే ఏడు సముద్రాల అవతలి కథలు నడిచేవి. సముద్రం మొహం చూడనివాళ్లు చెప్పిన కథలవి. మాంత్రికులు, రాకాసులు, చిలుకలో దాచిన ప్రాణాలు, పాతాళానికి దారితీసే బిలాలు. ఈ మాయకథలకు చరిత్ర రాయబోయేవాళ్లు ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలని నా పట్టుదల. వీటిని ఒక్కరు కూర్చుని కట్టలేదు. నేనెరిగిన ఊళ్లలో ఇద్దరు ఆడవాళ్లు కలిసి కట్టారు, చాలాసార్లు తల్లీ కూతురూ.

మాది జమ్మలమడుగుకూ కొలిమిగుండ్లకూ నడుమ, నాపరాయి గనుల పక్క ఊరు. ఏరువాకకు ముందు విత్తనం బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచే పని ఇంటింటా ఉండేది. పగలంతా ఒలిచినా తెమిలేది కాదు, రాత్రి కూడా కూర్చోవాల్సిందే. వేళ్ల కొసలు మండుతుంటే నిద్ర ఆపేది కథే. చెప్పే మనిషి ఒకరు, ఊ కొట్టే మనిషి ఒకరు. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. అంతటితో అయిపోలేదు. ఊ కొట్టేది మధ్యలో అడ్డం తగులుతుంది: "అడవిలో ఆమె ఏం తినె?" "బిడ్డను ఎవరికిచ్చి పోయె?" చెప్పేదానికి జవాబు తెలిసి ఉండదు, అక్కడికక్కడ కట్టాలి. మరుసటేడు ఆ జవాబు కథలో కలిసిపోయి ఉంటుంది. అడిగినామెకే అది తన ప్రశ్నలోంచి పుట్టిందని గుర్తుండదు.

ఇంట్లో ఉన్న ఈ పద్ధతే వీధిలోనూ ఉండేది. బుడిగ జంగాలు ఊరూరా తిరిగి చెప్పిన జంగం కథలో కథకుడు తంబుర మీటుతూ అందె మోగిస్తుంటే, పక్కన అతని భార్య వంతపాడేది. వంత అంటే చివరి మాట అందుకోవడం మాత్రమే కాదు. ప్రశ్న వేస్తుంది, ఆశ్చర్యపోతుంది, కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తుంది. తర్వాతి కాలపు బుర్రకథలో ఉండే ఇద్దరు వంతల చోటూ ఎక్కువగా మగవాళ్లదయింది. 1940ల్లో మోటూరి ఉదయం గారు ఆడవాళ్లతోనే బుర్రకథ దళం కట్టినప్పుడు కోస్తాలో అది పెద్ద వింతగా చెప్పుకున్నారు. మా పక్క ఆడమనిషి గొంతు లేని జంగం కథను నేను ఊహించుకోలేను.

జంగాలు చెప్పిన కథల్లో మా అమ్మకు ప్రాణం బాలనాగమ్మ. బిడ్డల కోసం తల్లి భూలక్ష్మి పడే తపనతో మొదలవుతుంది అది. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కను చేసి పట్టుకుపోవడం, ఆమె కొడుకు పెరిగి పెద్దవాడై మాంత్రికుడి ప్రాణమున్న చిలుక కోసం పోవడం అందరికీ తెలిసిందే. 1942లో జెమినీవాళ్లు కాంచనమాలతో సినిమా తీశాక పట్నాలకూ తెలిసింది. నాకు ముఖ్యమైంది వేరు. ఆ కథలో మాయ ఇంటి వాకిట్లోకే వస్తుంది, భిక్షకు వచ్చినట్టు వస్తుంది. గుమ్మం దగ్గర నిలబడి భిక్ష వేసే మనిషి భయం ఎట్లుంటుందో ఆ గుమ్మంలో నిలబడినవాళ్లకే తెలుస్తుంది.

ఇట్లాంటి కథలు చెప్పినవాళ్లలో బళ్లారి దగ్గరి దరోజి ఈరమ్మను చూడండి. 1953 దాకా బళ్లారి మనతో పాటే మద్రాసు రాష్ట్రంలో ఉంది. అంతకుముందు కడప, అనంతపురాలతో కలిసి దత్తమండలం. ఈరమ్మ బుడిగ జంగం ఇంటి బిడ్డ. అక్షరం రాదు. పన్నెండు మహాకథలు నోటికొచ్చు, అచ్చువేస్తే ఏడు వేల పేజీలవుతాయని లెక్కగట్టారు. 2003లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ పురస్కారం ఇచ్చింది. 2014లో పోయింది. విద్య తండ్రి దగ్గర నేర్చుకున్నా, ఆమె కథకు వంత చెల్లెలు శివమ్మ, వదినామరదళ్ల వరసయ్యే పార్వతమ్మ. ఆ ఏడు వేల పేజీల్లో వాళ్ల పాలు ఎంతో ఎవరైనా లెక్కగట్టి ఉంటే బాగుండేది.

మగవాళ్ల విషయంలో లెక్కలు బాగానే ఉన్నాయి. పాత కడప జిల్లాలో తాళ్లపాక వారింటిని తీసుకోండి. అన్నమయ్య, కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనవడు చిన్నన్న. తాతా తండ్రీ కొడుకుల కవిత్వం వరసగా చెప్పుకోవచ్చు. తాతా తండ్రుల కీర్తనలైతే రాగిరేకులకెక్కి తిరుమల కొండమీద భద్రంగా దాగాయి. అదే ఇంట్లో తిమ్మక్క మంజరీ ద్విపదలో సుభద్రా కల్యాణం రాసింది. ఆమెకు పక్కన కూర్చుని విన్నదెవరో, ఏ చరణం దగ్గర "ఇట్లా కాదు" అన్నదెవరో ఏ రేకూ చెప్పదు. గోపవరం మొల్లకూ అంతే.

ఇక అచ్చు పుస్తకాల కాలం. తెలుగు పిల్లలకు మాయాలోకాన్ని నెలనెలా ఇంటికి పంపిన మనిషి మా జిల్లావాడే కావడం నాకు ఇప్పటికీ గర్వం. బి. నాగిరెడ్డి 1912లో కడప జిల్లా పొట్టిపాడులో పుట్టాడు. చక్రపాణితో కలిసి 1947 జులైలో చందమామ పెట్టాడు, 1951లో పాతాళభైరవి తీశాడు. ఆ సినిమా దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉంది. అవి కూడా దారి పొడుగునా ఒకరు అడుగుతుంటే ఒకరు చెప్పినవే. చందమామ మాయా సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ సీరియల్స్ మీద ఉండేది కాదు. చదివిన మాకెవరికీ ఆయన తెలియదు.

డెబ్బైల్లో మా ఇంట్లో చందమామ కొనేంత డబ్బులేదు. ఊళ్లో అయ్యవారింటికి వచ్చేది, చదివి ఇచ్చేయాలి. ఒక నెల దొరికేది, ఒక నెల ఎవరో ముందే పట్టుకుపోయేవారు. వీరుడు రాకాసి గుప్పిట్లో చిక్కిన చోట ఆగిపోతే ఎట్లా? దొరకని భాగం మేమే కట్టుకున్నాం. అమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ చెప్పేది, నేను లెక్కల నోట్‌బుక్కు వెనకవైపు నుంచి రాసేదాన్ని. "రాయి మ్మే, తెల్లారితే మరిచిపోతాం" అనేది. కొన్నాళ్లకు చందమామ వీరుణ్ణి వదిలేసి సొంత నవలే మొదలుపెట్టాం.

బెలుం గుహ మాకు దగ్గరే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దాని గురించి రాశాడు. 1982–83లో జర్మన్లు వచ్చి లోపల కొలిచారు, ఇప్పుడు మూడు కిలోమీటర్ల పైచిలుకు అంటున్నారు. మా నవలలో ఆ బిలం అప్పటికే ఏడు రోజుల నడక. ఊరి నీళ్లన్నీ ఒక మాంత్రికుడు అందులోకి లాక్కుపోయాడు. రాజకూతురు దిగుతుంది. వాడి ప్రాణం చిలుకలో పెడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "చిలుకను ఎవరైనా పట్టేస్తారు" అని, ఎండిపోయిన దిగుడుబావిలో అట్టడుగు మెట్టులో పెట్టింది. అయితే మెట్టు పగలగొడితే సరి అన్నాను. "పగలగొడితే రేపు నీళ్లకు ఎట్ల దిగుతారు మ్మే?" అంది. అక్కడ ఇద్దరం ఇరుక్కుపోయాం. కథ చాలారోజులు కదల్లేదు. చివరికి నాకు తట్టింది: మెట్టును ముట్టుకోవద్దు, బావి నిండితే చాలు. బిలంలోంచి నీళ్లు తిరిగొచ్చి, పై మెట్టు దాకా లేచి, అడుగు మెట్టు మునిగితే వాడే ఊపిరాడక చస్తాడు. అమ్మ చేట పక్కన పెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది. చిక్కు వేసింది ఆమె, విప్పింది నేను. ఆ ఘట్టం ఎవరిదని అడిగితే ఈరోజుకూ చెప్పలేను.

అమెరికాలో పి.సి. కాస్ట్ అనే తల్లి, క్రిస్టిన్ అనే కూతురు కలిసి హౌస్ ఆఫ్ నైట్ అని రక్తపిశాచుల నవలలు రాశారు. 2007 నుంచి 2014 దాకా పన్నెండు. ప్రతి అట్టమీదా రెండు పేర్లున్నాయి. జోడి పికో కూడా 2012లో కూతురు సమంతాతో కలిసి రాసిన నవలకు అట్లాగే రెండు పేర్లు వేసుకుంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మా బుడ్డల రాత్రులే గుర్తొచ్చాయి. పని అదే. వాళ్లకు పేరు దక్కింది.

సీమలో ఇప్పుడు కథలు సేకరిస్తున్న పిల్లలకు నా మనవి ఒకటుంది. అవ్వ దగ్గర ఫోను పెట్టి రికార్డు చేసేటప్పుడు పక్కన కూర్చున్న కూతుర్ని లేపి పంపకండి. ఆమె అడ్డం వచ్చిన చోటు శబ్దం పాడైందని కత్తిరించకండి. ఆమె పేరు కూడా రాసుకోండి.

మా నోట్‌బుక్కును నా కూతురు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తా ఉంది. అట్టమీద వాళ్లవ్వ పేరు, నా పేరు, తన పేరు వేయాలని అనుకున్నాం. ఉన్నదున్నట్టు ఎక్కించడం లేదు. మాంత్రికుడు చచ్చిన నీళ్లు ఊళ్లో ఎవరు తాగుతారని అడిగింది. జవాబు ఇంకా కట్టాల్సి ఉంది.