పందెం పరిమితి తప్పిన నాడు

1799 అక్టోబరు 16న కయత్తారు పాతకోట దగ్గర చింతచెట్టుకు వీరపాండ్య కట్టబొమ్మనను ఉరి తీయించిన మేజర్ బానర్‌మన్, ఆ వెంటనే మదరాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. శత్రువు రాసిన కాగితం అది. అందులో పొగడ్త ఉండవలసిన అవసరం లేదు. అయినా, పాళెగాడు తొణకకుండా నడిచి వచ్చాడనీ, చుట్టూ చేరిన తక్కిన పాళెగాళ్ళను ఈసడింపుగా చూశాడనీ, మూగవాడైన తమ్ముడి గురించి మాత్రం దిగులు పడ్డాడనీ అతను రాశాడు. ఇంకొక మాట కూడా ఉంది. కోట విడిచి రావడం తప్పయింది, దాన్ని కాస్తూ అక్కడే చచ్చిపోయి ఉంటే బాగుండేదని ఆ మనిషి చివరి గడియలో అనుకున్నాడట.

విరుదునగర్ నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి దాటి తిరునల్వేలికి పోయే పెద్దదారి మీదనే కయత్తారు ఉంది. అటూ ఇటూ పోయేటప్పుడు అక్కడి విగ్రహాన్ని చూడని వారు మనలో ఉండరు. వీరుడు, విశ్వాసఘాతకుడు అన్న రెండు మాటలతో ఆ కథను మనవాళ్ళు ముగించేస్తారు. అతని ఆఖరి మాటలోని లెక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఉన్నదంతా ఒడ్డవలసిన సమయం ఒకటుంది, దాన్ని దాటపెట్టాను అన్నదే ఆ మాటకు అర్థం. అయితే ఆ సమయం నిజంగా ఎప్పుడు? కోట విడిచిన రాత్రేనా, అంతకు ముందెప్పుడైనా వచ్చి పోయిందా?

దీన్ని తేల్చడానికి పేకాటను సాక్ష్యానికి పిలుస్తున్నందుకు పెద్దలు నొచ్చుకోవద్దు. ధర్మరాజు కథ చదువుకున్న వాళ్ళకు జూదం అంటరాని విషయమేమీ కాదు. అమెరికాలో పుట్టిన పోకర్ అనే ఆట ఇప్పుడు లోకమంతా పాకింది (మన దేశంలో దాన్ని ఆన్‌లైన్‌లో డబ్బుకు ఆడించడాన్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది). దానిలో ఒక రకానికి కట్టడి ఉంటుంది. ప్రతి విడతకూ ఇంతకు మించి ఒడ్డకూడదు. ఓడినా చేతిలో కొంత మిగులుతుంది, మళ్ళీ ముక్కలు పంచినప్పుడు కూర్చోవచ్చు. ‘నో లిమిట్’ అనే రెండో రకానికి ఆ కట్టడి లేదు. ముందున్న సొమ్మంతా ఏ విడతలోనైనా ఒక్క తోపుతో మధ్యకు నెట్టవచ్చు. ఆ తోపు ఎప్పుడన్నదే ఆటంతా.

1976లోనూ 1977లోనూ లాస్ వేగాస్ ప్రపంచ పోటీ గెలిచిన డోయల్ బ్రన్సన్ అనే టెక్సస్ ఆటగాడు ఈ ఆట మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఇతరులు నెట్టినప్పుడు సరే అని ఒప్పుకోవడం కంటే తానే ముందు నెట్టడం అతని పద్ధతి. కారణం సులువే. ముందు నెట్టినవాడికి గెలుపు దారులు రెండు. ఎదుటివాడు జంకి ముక్కలు కింద పడేసినా గెలుపే, పడేయకపోయినా ముక్కలు మంచివైతే గెలుపే. తరువాత ఒప్పుకున్నవాడికి ఉన్నది రెండో దారి ఒక్కటే. అలాగని ఎదుటివాడు ఎప్పుడూ జంకడు. వాడి దగ్గర మనకంటే నూరు రెట్లు సొమ్ముంటే మన సర్వస్వం వాడికి చిల్లర. ఇంకొక సంగతి. కొంచెం కొంచెంగా సగం సొమ్ము మధ్యలో పోసిన తరువాత మిగతా సగం మీద మనకు పెత్తనం ఉండదు. వెనక్కి తగ్గితే పోసింది పోతుంది, ముందుకు పోతే అంతా పోతుంది. అందుకే మొత్తం ఒడ్డాలా వద్దా అన్నది మొదటి కాసు వేసేటప్పుడే తేల్చుకోవాలంటారు.

ఇది మనకు తెలియని పాఠమేమీ కాదు. పల్నాటి కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలి. ఏడేళ్ళన్నది కట్టడి. గడువు తీరాక తిరిగి రానిస్తే కథ అక్కడితో సరి. రానివ్వకపోవడంతో పందెం కాస్తా కారెంపూడి యుద్ధమైంది.

మన పాళయాలు అలవాటు పడింది కట్టడి ఉన్న ఆటకే. మదురలో విశ్వనాథ నాయకుడు, అరియనాథ మొదలియారు 72 పాళయాలుగా ఏర్పరచినప్పుడు తిరునల్వేలి సీమలో పడమటి పాళయాలు ఎక్కువగా మరవలకూ, తూర్పు నల్లరేగడి పాళయాలు ఎక్కువగా తెలుగు నాయకులకూ దక్కాయి. పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురం రెండూ రాజకంబళం వారివే. ‘గెట్టి బొమ్ము’ అన్న తెలుగు పేరే అరవ నోట కట్టబొమ్మన్ అయిందని చెబుతారు. జక్కమ్మ ఇప్పటికీ ఆ ఊళ్ళో వెలసి ఉంది. కప్పం కట్టడం, కొన్నాళ్ళు ఎగవేయడం, పైవాడు దండెత్తితే కోట విడిచి అడవికి తప్పుకోవడం, జరిమానాకు బేరమాడుకుని మళ్ళీ గద్దె ఎక్కడం – రెండు వందల ఏళ్ళు ఇదే నడక. 1783 ఆగస్టులో కర్నల్ ఫుల్లార్టన్ పాంచాలంకురిచ్చి కోటను పట్టుకున్నాడు. లోపల డచ్చివారితో చేసుకున్న ఒప్పందం కాగితాలు కూడా దొరికాయి. అంత జరిగినా పాళెగాడు శివగిరి వైపు తప్పుకుని, తరువాత దండుగకు ఒప్పుకుని తిరిగి వచ్చాడు. వీరపాండ్యుడికి అప్పటికి ఇరవై మూడేళ్ళు. కోట పోయినా ఆట పోదని కళ్ళారా చూసిన వయసది. 1790లో అతను గద్దె ఎక్కాడు.

1792లో ఆర్కాటు నవాబుతో కుదిరిన ఒడంబడికతో కప్పం వసూలు నేరుగా కుంపిణీ చేతికి వచ్చింది. మారింది ఎదుటి ఆటగాడు మాత్రమే కాదు. నవాబుకు కావలసింది కప్పం. కుంపిణీకి కావలసింది పాళెగాడే లేని దేశం.

సినిమాలో కట్టబొమ్మన కప్పం ఎందుకు కట్టాలని జాక్సన్ మీద గర్జిస్తాడు. శివాజీ గణేశన్ గొంతు అది, మరచిపోలేము. కాగితాల్లో మనకు కనబడే మనిషి వేరు. 1798 మేలో 3,310 వరాహాల బకాయి. ఆగస్టులో కలెక్టరు జాక్సన్ రామనాథపురం రమ్మన్నాడు. మధ్యలో కుర్తాళం, చొక్కంపట్టి, శివగిరి, శ్రీవిల్లిపుత్తూరు అంటూ విడిది మార్చుకుంటూ, కలుసుకోకుండానే వెంట తిప్పుకున్నాడు. ఇరవై మూడు రోజులు, నాలుగు వందల మైళ్ళు అని లెక్క చెబుతారు. సెప్టెంబరులో రామనాథపురం కోటలో నిలబెట్టి మాట్లాడాడు. తోపులాటలో లెఫ్టినెంటు క్లార్క్ చచ్చిపోయాడు. కట్టబొమ్మన తప్పించుకున్నాడు, మంత్రి సుబ్రహ్మణ్య పిళ్ళై పట్టుబడ్డాడు. ఇంత అవమానం జరిగాక కూడా అతను చేసినది తిరుగుబాటు కాదు, మదరాసుకు ఫిర్యాదు. బకాయిలో చాలామటుకు కట్టేశాడు, 1,080 వరాహాలు మాత్రం నిలిచాయి. డిసెంబరులో విచారణ సంఘం ముందు హాజరయ్యాడు. సంఘం అతని తప్పు లేదంది. పిళ్ళైని వదిలారు, జాక్సన్‌ను తొలగించారు, లూషింగ్టన్‌ను వేశారు.

ఇది గెలుపులాగే కనబడింది. కట్టడి ఉన్న ఆటలో నిజంగానే గెలుపు. నా మటుకు నాకు మాత్రం అతను ఓడిపోయింది ఇక్కడేననిపిస్తుంది.

ఎందుకంటే, ఆ వెంటనే వచ్చిన కొన్ని నెలలు మళ్ళీ రాలేదు. 1799 తొలి నెలల్లో మదరాసు సైన్యంలో ముఖ్యభాగం జనరల్ హారిస్ వెంట శ్రీరంగపట్నం దారి పట్టింది. టిప్పు ఇంకా నిలబడి ఉన్నాడు. కుంపిణీకి తన సొమ్మంతా వేరే బల్ల మీద ఉన్న సమయమది. దక్షిణాన పాళయాలన్నీ ఒక్కసారిగా లేస్తే బేరానికి దిగక తప్పని గడియ ఏదైనా ఉందంటే అదొక్కటే. జంకగలిగిన శత్రువు మీదనే తోపు పని చేస్తుంది. మే 4న శ్రీరంగపట్నం పడింది. ఆనాటినుంచి మదరాసుకు జంకవలసిన పని లేదు. కట్టబొమ్మన కదిలింది జూన్‌లో, అంటే నెల ఆలస్యంగా.

అప్పటివాళ్ళకు ఈ లెక్క ఎలా తెలుస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. శ్రీరంగపట్నం ఎప్పుడు పడుతుందో పాంచాలంకురిచ్చిలో కూర్చుని ఎవరు చెప్పగలరు? ముక్కలు బోర్లించి ఉన్నప్పుడే కదా ఒడ్డేది. కానీ ఎదుటివాడు ఏ ఆట ఆడుతున్నాడో రామనాథపురంలో తెలిసింది. అతన్ని బంధించాలని జాక్సన్ చూశాడు. న్యాయం దొరికిందన్న తృప్తి ఆ సంగతిని కప్పేసిందేమో.

మేజర్ బానర్‌మన్ సెప్టెంబరు 1న కబురు పంపాడు, 4న పాళయంకోటలో కలవమని. కట్టబొమ్మన రానూ అనలేదు, వస్తాననీ అనలేదు. పాత ఆటలో ఈ దాటవేత మంచి ఎత్తే. 5న కోట మీద దాడి జరిగింది. తొలి దెబ్బ కుంపిణీకే తగిలింది, దొరలు కొందరు చచ్చారు. పాళయంకోటనుంచి ఇంకా బలగం వస్తోందని తెలిశాక కట్టబొమ్మన రాత్రివేళ కోట విడిచాడు. 1783లో పనిచేసిన ఎత్తే ఇదీ. ఈసారి పనిచేయలేదు. పిళ్ళై పట్టుబడ్డాడు, నాగలాపురంలో ఉరి తీశారు. పుదుక్కోట తొండమాను తన అడవుల్లో దాగిన కట్టబొమ్మనను పట్టి ఇచ్చాడు. కోటలో చావడానికి కావలసినంత ధైర్యం అతనికి ఉంది, కయత్తారులో దాన్ని శత్రువే ఒప్పుకున్నాడు. లేనిది ధైర్యం కాదు. ఇది తిరిగి రావడానికి వీలున్న ఆట కాదన్న సమాచారం లేదు. ఉరికొయ్య దగ్గర అది అందింది.

ఎట్టయాపురం సంగతి చెప్పకుండా ఊరుకోలేము. అరవంలో ‘ఎట్టప్పన్’ అంటే ఇప్పటికీ ద్రోహి అన్న తిట్టు. ఇద్దరూ మన మాట మాట్లాడిన వాళ్ళే కనుక మనకు ఒకరిని మోసి ఒకరిని తిట్టడంతో సరిపోదు. సరిహద్దు పల్లెల గురించి ఆ రెండు పాళయాల మధ్య చిరకాలపు పేచీ ఉంది. ఎట్టయాపురం దృష్టిలో అప్పటికి పెద్ద శత్రువు కుంపిణీ కాదు, పొరుగువాడు. ముక్కలు కింద పడేసి సొమ్ము కాచుకున్న ఆటగాడతను. అక్కడితో ఆగి ఉంటే నేను తప్పు పట్టను. పొరుగువాణ్ణి వేటాడటానికి తన మనుషులను పంపడం మాత్రం కాచుకోవడం కిందికి రాదు. పోనీ, ఆ కాచుకున్నదైనా మిగిలిందా? కట్టబొమ్మనను ఉరి తీసిన వారం లోపలే బానర్‌మన్ చాటింపు వేయించాడు, పాళయాల కోటలు పడగొట్టాలి, ఆయుధాలు అప్పగించాలి అని. విశ్వాసంగా ఉన్నవారికీ అదే ఆజ్ఞ.

తమ్ముడు ఊమైదొర కథలో ఈ తికమకలేవీ లేవు. 1801 ఫిబ్రవరి 2న పాళయంకోట చెరనుంచి తప్పించుకున్నాడు. నేలమట్టమైన కోట ఆరు రోజుల్లో మళ్ళీ లేచింది. చేతిలో ఏమీ మిగలనివాడికి ఎప్పుడు ఒడ్డాలన్న చింత ఉండదు, దొరికిన మొదటి అవకాశమే సమయం. అతను అడవికి పోలేదు, కోటలోనే నిలబడ్డాడు. మార్చి 31న మెకాలే దాడిని తిప్పికొట్టాడు. ఆ మట్టిగోడ ముందు కుంపిణీ సైన్యం కుప్పలుగా పడిన సంగతి అందులో పనిచేసిన జేమ్స్ వెల్ష్ తన జ్ఞాపకాల్లో దాచకుండా రాశాడు. మే 24న కర్నల్ ఆగ్న్యూ పెద్ద ఫిరంగులతో వచ్చి కోట పట్టుకునేదాకా మదరాసుకు నిద్ర లేదు. అన్న ఎప్పుడో ఒడ్డవలసినదాన్ని తమ్ముడు సొమ్ము అయిపోయాక ఒడ్డి కూడా ఇంత చేశాడు. కట్టబొమ్మన లెక్క తప్పిందనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కానీ పోకర్ పోలిక ఇక్కడ తెగిపోతుంది. బల్ల దగ్గర ఎవడి కాసులు వాడివి. పాళెగాడు ఒడ్డేది ఊళ్ళను. వెల్ష్ రాసిన కథే ఇంకొకటి ఉంది. కోట పడిన రోజున ఒక తల్లి శవాల మధ్య కొడుకును వెతుక్కుంటూ వచ్చింది. కొన ఊపిరితో ఉన్న కొడుకు, నన్ను వదిలెయ్యి, పక్కన పడి ఉన్న దొరను కాపాడు అన్నాడట. ఆమె దొరను ఎత్తుకుపోయింది. ఎట్టయాపురం మనుషులు వెతుకుతూ వస్తే బట్ట కప్పి, అమ్మవారు పోసి చచ్చాడని ఏడుపు లంకించుకున్నారు. అలా బతికిన ఊమైదొర కమ్ముదిమీదుగా పోయి శివగంగ మరుదు సోదరులతో కలిశాడు.

అన్నదమ్ములు మరుదులను అక్టోబరు 24న తిరుప్పత్తూరులో, ఊమైదొరను నవంబరు 16న పాంచాలంకురిచ్చిలో ఉరి తీశారు. డెబ్భై ముగ్గురిని 1802లో ఓడెక్కించి పినాంగు దీవికి పంపేశారు. కోట ఉన్న చోటును దున్నించి ఆముదాలు చల్లించారంటారు. ఆ పాళయం ఊళ్ళను ఎట్టయాపురం, మణియాచ్చి, మేల్‌మాందై వారికి పంచారు. ఎట్టయాపురం వాటా వాళ్ళ వారసుల చేతిలో 1948 జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా ఉంది.