సోఫా మీద తయారైన కంప్యూటరు

ఇంటి కంప్యూటరు పుట్టుక గురించి ఎవరు చెప్పినా ఒక కారు షెడ్డుతో మొదలుపెడతారు. ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక షెడ్డు, జేబులో చిల్లిగవ్వ లేదు, తర్వాత కోట్లు! మీరూ వినే ఉంటారు. షెడ్డు ఉన్నమాట నిజమే. కాని ఆ ఇంటికి షెడ్డొక్కటే కాదు గదా, వంటగదీ ఉంది, హాలూ ఉంది, హాల్లో సోఫా కూడా ఉంది. ఇవాళ మిమ్మల్ని ఆ సోఫా దగ్గరికి తీసుకువెళ్దామని నా ఉద్దేశం. అంతకుముందు కొంచెం సామాను సంగతి చెప్పుకోవాలి. భయపడకండి సోదరీమణులారా, మిక్సీ విప్పి చూసినవాళ్ళం, ఇదీ అంతే.

ఒకప్పుడు కంప్యూటరంటే గది నిండా బీరువాలు. 1971లో ఇంటెల్ కంపెనీవారు లెక్కలు చేసే భాగాన్నంతా గోరంత సిలికాన్ ముక్క మీదికి కుదించి అమ్మకానికి పెట్టారు. దానికే మైక్రోప్రాసెసర్ అని పేరు. అయితే ఏం, 1974లో వచ్చిన ఇంటెల్ 8080 గాని, మోటరోలా 6800 గాని విడిగా ఒకటి కొనాలంటే 360 డాలర్లు. ఆనాటి మారకంలో మన డబ్బు మూడు వేల రూపాయలు. ఆ రోజుల్లో ఆ డబ్బుకి నాలుగైదు తులాల బంగారం వచ్చేది. సరదాకి ఎవరు కొంటారండీ?

మోటరోలాలో చక్ పెడిల్ అనే ఇంజనీరు ఉండేవాడు. అమ్మకాల కోసం ఊళ్ళు తిరిగినప్పుడల్లా ఆయనకి ఎదురైన మాట ఒక్కటే: ‘‘బాగుంది గాని, మరీ ఖరీదు.’’ చవకరకం చేద్దామంటే పైవాళ్ళు ఒప్పుకోలేదు. 1974లో మరో ఏడుగురిని వెంటబెట్టుకుని పెన్సిల్వేనియాలోని మాస్ టెక్నాలజీ అనే చిన్న కంపెనీకి వెళ్ళిపోయాడు. అక్కడ తయారైనదే 6502 చిప్పు. ధర పాతిక డాలర్లు, అంటే మన రెండు వందల రూపాయలు!

ఇంత చవక ఎలా అయిందో మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. అప్పడంలాంటి గుండ్రటి సిలికాన్ బిళ్ళ మీద ఒకేసారి బోలెడు చిప్పులు అచ్చవుతాయి. తర్వాత ముక్కలు కోస్తారు. ఎక్కడ దుమ్ము పడ్డా, మరక పడ్డా ఆ ముక్క పనికిరాదు. ముక్క పెద్దదైతే బిళ్ళకి వచ్చేవీ తక్కువ, వాటిలో చెడేవీ ఎక్కువ. పెడిల్ బృందం అక్కరలేని హంగులన్నీ తీసేసి ముక్కను చిన్నది చేసింది. అచ్చులో దొర్లిన తప్పుల్ని దిద్దుకునే నేర్పు కూడా ఆ కంపెనీకి ఉండేది.

1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్కాన్ అని పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగింది. ప్రదర్శనశాలలో చేతి అమ్మకాలు కూడదన్నారు. వీళ్ళేం చేశారు? సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్లో గది తీసుకుని, కావలసినవాళ్ళు అక్కడికి రండన్నారు. అక్కడ పెద్ద గాజు జాడీ నిండా చిప్పులు పోసుకుని అమ్మినది ఎవరనుకున్నారు? పెడిల్ గారి భార్య! పిప్పరమెంట్లు అమ్మినట్టు జాడీలోంచి తీసి ఇస్తుంటే జనం వరస కట్టారు. తమ దగ్గర సరుకు కొల్లలుగా ఉందని చూపించడానికే జాడీ పెట్టారట. అడుగున ఉన్నవన్నీ పనికిరాని చిప్పులని ఆయనే తర్వాత చెప్పాడు. బుట్టలో అడుగున మెత్తటి టమాటాలు, పైన గట్టివి! వర్తకం ఏ దేశంలోనైనా వర్తకమే.

అలా కొన్నవాళ్ళలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. పగలు హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఉద్యోగం, రాత్రి ఈ పిచ్చి. అదే ఏడాది మార్చి 5న మెన్లోపార్క్‌లో ఒకరి షెడ్డులో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బుకి తప్పకుండా వెళ్ళేవాడు. ఇంట్లో సొంతంగా కంప్యూటర్లు కట్టుకుందామనుకునేవారి సంఘం అది.

కట్టుకోవడమంటే ఏమిటి? 6502కి నలభై కాళ్ళు. అందులో పదహారు, ‘‘ఫలానా గది తలుపు తియ్యి’’ అని చెప్పే తీగలకి. ఒక్క తీగైతే రెండు గదులు, రెండైతే నాలుగు, మూడైతే ఎనిమిది. ఇలా రెట్టించుకుంటూ పోతే పదహారు తీగలకి 65,536 గదులు. ఎనిమిది కాళ్ళు, ఆ గదుల్లో సామాను తెచ్చి ఇచ్చే తీగలకి. ఇంకొక కాలికి గడియారం; సెకనుకి పది లక్షల టిక్కులు, ఆ తాళానికే పనంతా. కరెంటు రాగానే ఈ చిప్పుకి ఏమీ గుర్తుండదు. అందుకని చివర ఉన్న ఫలానా రెండు గదుల్లోకి తొంగిచూస్తుంది. మొదలుపెట్టాల్సిన చోటు అక్కడ రాసిపెట్టి ఉంటుంది. కరెంటు పోయినా చెరగని చిప్పులో ఆ రాత రాసిపెట్టడం, చెరిగే జ్ఞాపకానికి ఇంకొన్ని చిప్పులు పెట్టడం, అన్నిటినీ ఒకే బోర్డు మీద తీగలతో కలపడం, ఇదీ పని. వోజ్నియాక్ ఆ బోర్డుకే కీబోర్డూ టీవీ తగిలేలా చేశాడు. నడిపించే రాత మొత్తం 256 అక్షరాల చోటులో ఇమిడ్చాడు. ఆ ప్రోగ్రాములు రాసుకుందీ కాగితం మీదే, చేత్తో!

1976 ఏప్రిల్‌లో అతనూ, స్నేహితుడు స్టీవ్ జాబ్సూ కలిసి ఆపిల్ కంపెనీ పెట్టారు. మౌంటెన్‌వ్యూలోని బైట్ షాప్ దుకాణం యాభై బోర్డులు కావాలంది, ఒక్కోటి 500 డాలర్లకి. అయితే విడి భాగాలు కాదు, తయారైన బోర్డులే కావాలంది. సామాను ముప్ఫై రోజుల అరువు మీద తెచ్చారు. అంటే ముప్ఫై రోజుల్లో యాభై పూర్తి కావాలి!

ఇప్పుడు వచ్చాం సోఫా దగ్గరికి. లాస్ ఆల్టోస్‌లో ఆ ఇల్లు జాబ్స్ తల్లిదండ్రులది. ఆడపిల్ల ప్యాటీ పెళ్ళయి వెళ్ళిపోయింది గనక ఆమె గది ఖాళీ. చిప్పులు అక్కడ పోశారు. వంటగది బల్లా పోయింది. తల్లి క్లారా ఇంట్లో ఎక్కడ చూసినా పెట్టెలే, ఫోను మోగుతూనే ఉంటుంది. వచ్చీపోయే కుర్రవాళ్ళ సంగతి సరేసరి. ఆ తల్లి ఓపిక గురించి వేరే ఒక ప్రసంగం చెయ్యవచ్చు.

బోర్డులో చిప్పులు గుచ్చే పని ప్యాటీకి అప్పజెప్పారు. అప్పుడామె గర్భిణి. సోఫా మీద కూర్చుని, ఎదురుగా టీవీలో సీరియల్ చూస్తూ గుచ్చేది. కూలి బోర్డుకి ఒక డాలరు. తేలిక పని అనుకునేరు! ఒక్కో బోర్డుకి అరవై దాకా చిప్పులు. ఒక్కో చిప్పుకీ రెండు పక్కలా జెర్రికాళ్ళలాంటి సన్నటి కాళ్ళు, అన్నీ ఒకేసారి రంధ్రాల్లోకి దిగాలి. ఒక్క కాలు లోపలికి మడిచిపోయినా బోర్డు పనిచెయ్యదు, పైనుంచి చూస్తే కనబడదు కూడా. తిరగేసి గుచ్చితే చిప్పు మాడిపోతుంది. స్నేహితుడికి తెలిసిన ఒకమ్మాయిని కూడా పిలిచారు. నగలు చేసే పని నేర్చింది కదా, టంకం పెట్టడం వచ్చుననుకున్నారు. రెండు మూడు బోర్డుల మీద టంకం మందు ఒలికిందని ఆమెను వంటగది బల్ల దగ్గర జమాఖర్చులకి మార్చారు.

అలా తయారైన ఆపిల్-1ను 666 డాలర్ల 66 సెంట్లకి అమ్మారు. మొత్తం చేసినవి రెండు వందలు. 2014లో న్యూయార్కులో జరిగిన వేలంపాటలో వాటిలో ఒకదాన్ని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం వారు 9,05,000 డాలర్లకి కొన్నారు. పక్కన చీటీ మీద వోజ్నియాక్ పేరుంటుంది, ఉండాలి కూడా. అంత పొదుపుగా బోర్డు గీయగలవాళ్ళు ఆనాడు అరుదు. కాని గీసిన గీత కాగితం మీదే ఉండిపోకుండా, ముప్ఫై రోజుల గడువులో యాభై బోర్డులై బయటికి వెళ్ళిందంటే అందులో ఆ డాలరు కూలికీ భాగం ఉంది. షెడ్డుని తలుచుకునేవాళ్ళు సోఫాని ఎందుకు మరిచిపోతారో నాకు తెలియదు. బహుశా సోఫా మీద చేసేది పని అని ఎవరికీ తోచదేమో. మనకి ఇది కొత్త కాదు లెండి.

అదే 1976లో మాస్ టెక్నాలజీవారే కిమ్-1 అని తయారైన బోర్డు ఒకటి 245 డాలర్లకి తెచ్చారు. ఇరవైమూడు మీటలు, ఆరు ఎర్ర అంకెలు, అంతే. మీ అబ్బాయో అమ్మాయో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి ఉంటే అడిగి చూడండి, ల్యాబులో ‘‘8085 కిట్’’ అని ఇలాంటి దానిమీదే మీటలు నొక్కి ఉంటారు. చిప్పు వేరు, వంగడం ఒకటే. 6502 మన దేశానికీ వచ్చింది. 1984లో ‘క్లాస్’ పథకం కింద మన పాఠశాలలకు ఇచ్చిన బీబీసీ మైక్రో యంత్రాల లోపల ఉన్నది అదే.

ఆ చిప్పు ఇప్పటికీ తయారవుతూనే ఉంది. దాన్ని మొదట గీసినవారిలో ఒకరైన బిల్ మెన్ష్ అరిజోనాలో పెట్టిన కంపెనీవారు కొత్తరకం అమ్ముతున్నారు. సరదాపడి ఇంట్లో బోర్డు కట్టుకునేవాళ్ళు ఈ రోజుల్లోనూ ఉన్నారు. వాళ్ళు మొట్టమొదట చేసే పరీక్ష నాకెంతో నచ్చింది. జ్ఞాపకం చిప్పులేవీ పెట్టకుండా, ఎనిమిది తీగల్నీ ‘‘ఊరికే ఉండు’’ అనే ఒక్క ఆజ్ఞకి కట్టేస్తారు. చిప్పు ఒక గదికి వెళ్తుంది, ఊరికే ఉండమంటారు; పక్క గదికి వెళ్తుంది, అక్కడా అదే మాట. అలా 65,536 గదులూ తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆఖరి తీగకి ఒక చిన్న దీపం తగిలిస్తే, ఒక్కో చుట్టుకీ ఒక్కసారి వెలిగి ఆరుతుంది, సెకనుకి ఏడెనిమిది సార్లు. దీపం మినుకుమినుకుమంటే చిప్పు బతికి ఉన్నట్టు. వెలగలేదంటే బోర్డు తిరగేసి, ఎక్కడ ఏ కాలు మడిచిపోయిందో ఒక్కొక్కటే వెతుక్కోవడం.