కప్పము నుండి కార్డు వరకు

అనావృష్టిచే పంటలు పోయి, కోయదొర పగిడిద్దరాజు కప్పము చెల్లింపలేకపోగా, కాకతీయ ప్రతాపరుద్రుడు మేడారముపై దండెత్తెనని ఐతిహ్యము. జంపన్న సంపెంగవాగున ప్రాణము విడిచెనట. సమ్మక్క చిలకలగుట్టపై అంతర్ధానమయ్యెనట. లేమిని గూర్చిన మొఱ రాజు చెవి కెక్కలేదు.

1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండురూపాయల బియ్యము వచ్చెను. 2013లో జాతీయాహారభద్రతా చట్టము వెలసెను. తెలంగాణమున కార్డు పొందుటకు గ్రామకుటుంబపు వార్షికాదాయము 1.5 లక్షల రూపాయలు, మాగాణి 3.5 ఎకరములు, మెట్ట 7.5 ఎకరములు మించరాదని నియమము. కార్డుగలవారికి నెలకు తలకు 6 కిలోల బియ్యము.

నియమము మంచిదే. ఐనను వాన కురియని యేట ఎనిమిదెకరముల మెట్టయు గింజ నీయదు. భూమిని కొలిచినంతమాత్రమున ఆకలి కొలతకు రాదు. పంట పోయిన యేడు గాదెను చూచి నిర్ణయించుట ధర్మము. కప్పమునాటి పొరపాటు కార్డునాడు మరల జరుగరాదు.