గృధ్రసి, సయాటికా, తిమ్మిరి

నడుములో మొదలై పిరుదు, తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా పాకే నొప్పికి డాక్టరు చీటీ మీద ‘సయాటికా’ అని రాస్తాడు. దీని మూలం గ్రీకు మాట ‘ఇస్కియోన్’, అంటే తుంటి. జబ్బంతా తుంటి కీలుదే అనుకున్న కాలపు పేరిది. నేరం నరానిదని 1764లో ఇటలీ వైద్యుడు డొమెనికో కొటున్యో రాశాడు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరం మొదలును నొక్కుతుందని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ చూపించారు. అయినా పేరు మారలేదు.

ఆయుర్వేదంలో ఇది గృధ్రసి. గృధ్రమంటే రాబందు. రోగి కుంటే తీరు ఆ పక్షి నడకను తలపిస్తుందని ఒక వివరణ. చరక సంహిత దీన్ని 80 వాత రోగాల్లో చేర్చి, నొప్పి పిరుదు నుంచి పాదానికి దిగే వరుసను కూడా చెప్పింది. నా ఓటు ఆ వర్ణనకే. గ్రీకు పేరు తుంటి దగ్గరే ఆగిపోయింది.

ఊళ్లో ఈ పేర్లెవరికి కావాలి? ‘కాలు లాగేస్తోంది, తిమ్మిరెక్కింది’ అంటారు. బాసింపట్టు వేసుక్కూర్చుంటే వచ్చి, లేచి నాలుగడుగులేస్తే పోయే తిమ్మిరి వేరు. సయాటికా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచానికి అతుక్కుపోకుండా మెల్లగా తిరగడమే మేలు, ఆపరేషన్ కొద్దిమందికే. కానీ మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం మీద పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.