పుల్లరి ప్రశ్న

పల్నాటి పుల్లరి సత్యాగ్రహాన్ని మనం సాధారణంగా సహాయ నిరాకరణోద్యమంలో ఒక వీరఘట్టంగా చదువుకుంటాము. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకి గుండ్లకు బలి కావటంతో ఆ కథ ముగిసినట్లు భావిస్తాము. పుల్లరి అంటే మేత మీద పన్ను. వాన నిలకడ లేని నేలమీద మొలిచే గడ్డి ఎవరిది అనే ఆర్థిక ప్రశ్న ఆ పోరాటంలో ఇమిడి వున్నదనీ, అది నేటికీ తెగలేదనీ నేనంటాను.

పల్నాడు మొదలు అనంతపురం దాకా మెట్టప్రాంతాలలో వాన అన్నిచోట్లా ఒకే తీరున పడదు. ఒక వూరి పొలిమేర పచ్చబడితే పక్కవూరు బీడుగా వుండిపోతుంది. అటువంటి చోట ఎకరానికి యిన్ని జీవాలని నిర్ణయించి మందను కదలకుండా నిలిపితే, మంచి యేడు గడ్డి వృథా అవుతుంది, కరువు యేడు మంద చస్తుంది. మన గొల్లలూ కురుమలూ దీనికి కనుగొన్న ఉపాయం నడక. పైరు వున్నంతకాలం కొండలకూ అడవులకూ పోవటం, కోతలైనాక కొయ్యకాళ్ళ చేలకు దిగటం. మంద తరలిపోయిన చోట గడ్డి మళ్ళీ చిగురిస్తుంది. రాత్రిపూట రైతు చేలో మంద కడితే ఎరువు రైతుకు దక్కుతుంది. గింజలో, డబ్బో కాపరికి ముడుతుంది. వ్యవసాయంతో పెనవేసుకున్న లాభసాటి వృత్తి యిది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం యీ నడకకు అడ్డుపడింది. రిజర్వు అడవిలో మేపటం నేరమైంది, లేదా రుసుము చెల్లించి కొనుక్కునే సరుకైంది. సర్కారు పశువుల తలలు లెక్కపెట్టింది. ఆ యేడు గడ్డి మొలిచిందా అన్న విచారణ దాని పద్దులో లేదు.

స్వాతంత్ర్యం తరువాత ఉమ్మడి బీళ్ళు కూడా కరిగిపోయినవి. 7 రాష్ట్రాల మెట్ట జిల్లాలలో ఎన్. ఎస్. జోధా జరిపిన పరిశీలనలో, 1950 తొలినాళ్ళ నుంచి 1980 తొలినాళ్ళ వరకు వాటి విస్తీర్ణం 31 నుంచి 55 శాతం దాకా తగ్గినట్లు తేలింది. బంజర్లను పేదలకు పంచటం న్యాయమే. కాని భూమిలేని కాపరి కూడా పేదవాడేనన్న సంగతిని ఆ పంపకంలో ఎవరు తలచారు?

2006 అటవీ హక్కుల చట్టం సంచార కాపరుల మేత హక్కును గుర్తించింది. అయితే గిరిజనేతరులు 75 ఏళ్ళుగా అడవిని ఆశ్రయించి నివసిస్తున్నట్లు రుజువు చూపాలన్నది. ఋతువు వెంట నడిచేవాడు నివాసానికి ఏ రుజువు తెస్తాడు? 2017లో తెలంగాణ ప్రభుత్వం యాదవ, కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలనూ 1 పొట్టేలునూ యిచ్చే పథకం ఆరంభించింది. జీవాలు వచ్చినవి గాని, వాటి వెంట మేతభూమి మీద హక్కు రాలేదు.

అంటే పాలకులు నేటికీ తలలే లెక్కిస్తున్నారు. గడ్డినీ, మంద నడిచే దారులనూ లెక్కలోకి తీసుకుని, ఆ లెక్కలో కాపరి మాటకు చోటిచ్చిన నాడే పుల్లరి ప్రశ్న తీరుతుంది.