రాగిరేకుపై సుద్దగీత

సుద్దతో గీచిన చిత్రానికి ఆయువు తక్కువ. చేయి తగిలితే చెరుగుతుంది. పైగా అది ఒక్కటే ఉంటుంది. పద్దెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు గొప్ప చిత్రకారులు ఎర్రసుద్దతో గీచిన ముఖచిత్రాలు ధనికుల భవనాలలోనే ఉండేవి. చిత్రలేఖనం నేర్వగోరిన సామాన్య విద్యార్థికి వాటి దర్శనమే దుర్లభం. ఈ కొరతను తీర్చినది ‘సుద్దరీతి’ ముద్రణ. దీనిని వృద్ధి చేసినవారిలో జాన్ షార్ల్ ఫ్రాన్స్వా (1717–1769), జీల్ దెమార్తో, లూయీ మారిన్ బొన్నే ముఖ్యులు.

కాగితపు గరుకుపై సుద్ద సాగినప్పుడు ఉబ్బెత్తు చోట్లకే రంగు అంటుతుంది. కనుక సుద్దగీత నిజానికి చుక్కల వరుస. ఈ మర్మం గ్రహించిన పనివాడు నున్నని రాగిరేకుకు మైనపు పూత పూసి, దానిపై పండ్లున్న చిన్న చక్రాన్ని దొర్లించేవాడు. ముళ్లతలగల పనిముట్టుతో నీడలు పొడిచేవాడు. రేకును ఆమ్లంలో ఉంచితే, పూత చిల్లుపడిన చోటనే రాగి గుంటపడుతుంది. పూత తొలగించి, సిరా రుద్ది, పైభాగం తుడిచి, తడికాగితం పరచి రోలర్ల నడుమ నొక్కితే గుంటలలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. అచ్చులో కుడియెడమలు తారుమారవుతాయి గనుక బొమ్మను తిరగవేసి చెక్కాలి.

1767లో ఫ్రాన్స్వా ముద్రించిన కెనే ముఖచిత్రం ప్రసిద్ధం. పదిహేనవ లూయీ రాజుకు వైద్యుడు, అర్థశాస్త్రవేత్త అయిన ఆ పండితుని రూపంలో పలు చెక్కుడు రీతులు కలిశాయి. 1769లో బొన్నే, బూషే గీచిన ‘ఫ్లోరా శిరస్సు’ను ఎనిమిది రేకులతో రంగులలో అచ్చువేశాడు. ఒక్క రేకు వెంట్రుకవాసి జరిగినా ముఖం చెదిరిపోయేది.

ఈ చరిత్రకు తెలుగుతీరపు వస్త్రంతోనూ చుట్టరికమున్నది. మచిలీపట్నం వంటి రేవుల అద్దకపు బట్టలు ఐరోపాను ఆకర్షించగా, ఫ్రాన్సు 1686లో అట్టి బట్టలను నిషేధించి, 1759లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 1760లో జూయీ గ్రామంలో ఓబర్కాంఫ్ అద్దకశాల వెలసింది. 1770 నుండి అక్కడ రాగిరేకులతో బట్టపైనే బొమ్మలు అచ్చువేశారు. దెమార్తో ఎవరి చిత్రాలను సుద్దరీతిలో చెక్కాడో ఆ హ్యూయే, 1783 నుండి ఆ అద్దకశాలకు నమూనాలు గీచాడు.

శతాబ్ది చివర సెనెఫెల్డర్ కనిపెట్టిన శిలాముద్రణలో జిడ్డుసుద్దతో రాతిపై నేరుగా గీయవచ్చును. దానితో సుద్దరీతి మరుగున పడింది. కాని అది నేర్పిన పాఠం పద్మనగర్ నేతకుటుంబాల బిడ్డలకు సులువుగా బోధపడుతుంది. మగ్గంపై కనిపించే వంపుగీత కూడా పోగువెంట పోగు వేసిన మెట్లే గదా! పేరు చిత్రకారునిదైనా, ఆ చిత్రాన్ని పేద విద్యార్థి బల్లమీదికి చేర్చినది చుక్కవెంట చుక్క పొడిచిన పనివాని ఓర్పు.