క్యాంపర్ ట్రైలర్‌లో ఏసీ అమరిక

క్యాంపర్ ట్రైలర్ అనగా కారు వెనుక తగిలించి లాగే, బస చేయుటకు వీలైన చిన్న బండి. రేకు గోడల వలన ఇది ఎండకు త్వరగా వేడెక్కుతుంది. వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే హైదరాబాదు వంటి చోట్ల ఇందులో ఉండుటకు ఏసీ అవసరమవుతుంది.

అమరిక

పాత ట్రైలర్లలో కిటికీ ఏసీని గానీ, పైకప్పు ఏసీని గానీ అమర్చుతారు. లోపలి వేడిని బయటకు పంపుటే ఏసీ పని. కావున దాని వెనుక భాగం వెలుపలికి తెరచి ఉండాలి. పైకప్పు ఏసీ సుమారు 40 కిలోల బరువుంటుంది కనుక పాత చెక్క చట్రాన్ని ముందుగా పటిష్ఠపరచాలి.

జాగ్రత్తలు

ఏసీని నడిపే జనరేటరు పొగలో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో, ఆపి ఉంచిన క్యారవాన్‌లోకి ఈ వాయువు చేరి ఇద్దరు మరణించారు. కావున జనరేటరును బండికి దూరంగా ఉంచి, బండి అడుగున గల రంధ్రాలను మూసివేయాలి.